జీవ ఇంధనం ఒక్క ఇంధన శాఖ వ్యవహారమేనా? నీరు, ఆహారం, భూమి విధానాలతో దానికున్న ముడి గురించి

మీ ప్రశ్నను నాకు అర్థమైన రీతిలో ఒకసారి చెప్పుకుని జవాబు మొదలుపెడతాను. జీవ ఇంధనాల మీద ఏ నివేదిక తెరిచినా నీరు, ఇంధనం, ఆహారం, భూమి అనే నాలుగు మాటలు ఒకే వరుసలో కనిపిస్తున్నాయనీ, అవి ఒకదానినొకటి ఎలా పట్టి లాగుతాయో మాత్రం ఎవరూ విడమరచి చెప్పడం లేదనీ రాశారు. దానికి తోడు, "తిండి పంటల జోలికి పోకుండా, బంజరు భూముల్లో తిండికి పనికిరాని మొక్కలు పెంచితే ఈ చిక్కంతా తీరిపోదా?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, తీరదు. తిండి పంటా కాదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఒక లీటరు జీవ ఇంధనం ఏ నేల మీద, ఏ నెలలో, ఎవరి వాటా నీటితో తయారైంది, ఆ నేలా నీరూ అంతకుముందు ఏ పనికి వాడుకలో ఉండేవి అన్నదే అసలు ప్రశ్న. జీవ ఇంధన చట్టం కాగితం మీద ఇంధన చట్టమే అయినా, అమలులో అది ఒకేసారి భూమి కేటాయింపు, నీటి కేటాయింపు, ధాన్యం కేటాయింపు కూడా. ఈ కేటాయింపులు ఆయా శాఖల పరిశీలనకు రాకుండా, "పెట్రోలులో ఇంత శాతం కలపాలి" అనే ఒక్క అంకె వెనకాల చడీచప్పుడు లేకుండా జరిగిపోవడంలోనే చిక్కంతా ఉంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా నదీ పరివాహక ప్రాంతాల నీటి లెక్కలు కట్టే పనిలో ఉన్నాను. అందులో సగం కాలం ఇథనాల్ (చెరకు, ధాన్యాల నుంచి తీసి పెట్రోలులో కలిపే ఆల్కహాల్), బయోడీజిల్ (మొక్కల నూనెల నుంచి తీసే డీజిల్) ప్రాజెక్టుల సాధ్యాసాధ్యాల నివేదికలను పరిశీలించడంతోనే గడిచింది. కాబట్టి నీటి వైపు నుంచి నేను ఎక్కువ మాట్లాడతాను. మిగతా మూడింటినీ నీటితో ముడిపడినంత మేరకు చెబుతాను.

ముందుగా ఈ శాతం అంకెలు ఎక్కడి నుంచి పుట్టాయో చూడండి. బ్రెజిల్ 1975లో చెరకు ఇథనాల్‌ను వాహన ఇంధనంగా వాడే ప్రోఆల్కూల్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 1973 చమురు సంక్షోభం ఒకవైపు, పడిపోతున్న చక్కెర ధర మరొకవైపు ఆ దేశాన్ని అటు నెట్టాయి. అమెరికా 2005లో, వాహన ఇంధనంలో ఏటా ఇంత జీవ ఇంధనం కలపాలని చెప్పే పునరుత్పాదక ఇంధన ప్రమాణాన్ని తెచ్చి, 2007లో దానిని బాగా పెంచింది. దిగుమతి చమురు మీద ఆధారపడటం తగ్గించుకోవడం, మొక్కజొన్న రైతుకు గిరాకీ కల్పించడం ఆ రెండు చట్టాల వెనకా ఉన్నాయి. ఐరోపా సమాఖ్య 2009లో వాతావరణ మార్పును కారణంగా చూపి, 2020 నాటికి రవాణా ఇంధనంలో 10 శాతం పునరుత్పాదక వనరుల నుంచి రావాలని నిర్దేశించింది. చైనా మొదట ముక్కిపోతున్న పాత ధాన్యపు నిల్వలను వదిలించుకోవడానికి ఇథనాల్ వైపు వెళ్లి, ఆహార ధరల భయంతో 2007 ప్రాంతంలో కొత్త ధాన్యపు ఇథనాల్ కర్మాగారాలను ఆపింది. మళ్లీ మొక్కజొన్న నిల్వలు పేరుకున్నాక, 2017లో దేశమంతటా 10 శాతం కలుపుతామని ప్రకటించింది. నిల్వలు కరిగిపోగానే ఆ పథకాన్ని పక్కన పెట్టింది. అంటే, ఇంధన విధానమని మనం చదువుతున్నది చాలాసార్లు వ్యవసాయ విధానమే. ఇది తప్పని నేను అనను. అయితే ఏ సమస్యకు మందుగా ఈ విధానం పుట్టిందో తెలియకుండా దాని ఫలితాన్ని తూచలేము.

భూమి సంగతి. మొక్క తన మీద పడిన సూర్యరశ్మిలో సాధారణంగా ఒక శాతం కంటే తక్కువ భాగాన్నే నిల్వ చేసుకుంటుంది. అందులోనూ మనం ఇంధనంగా మార్చేది గింజలోని పిండినో, కాండంలోని చక్కెరనో, విత్తనంలోని నూనెనో మాత్రమే. కాబట్టి జీవ ఇంధనానికి నేల విస్తారంగా కావాలి. దీనిని ఏ యంత్రమూ పూర్తిగా మార్చలేదు. మంచి దిగుబడి వచ్చే చోట హెక్టారు మొక్కజొన్న నుంచి ఏడాదికి సుమారు 4,000 లీటర్ల ఇథనాల్ వస్తుంది. చెరకు నుంచి ఆరు, ఏడు వేల లీటర్లు రావచ్చు. సోయా నూనె నుంచి వచ్చే బయోడీజిల్ హెక్టారుకు కొన్ని వందల లీటర్లే. పైగా లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే శక్తికి దాదాపు మూడింట రెండు వంతులు. ఈ అంకెలను చేతిలో పెట్టుకుని, ఒక దేశం వాడే పెట్రోలులో పదో వంతు తీయాలంటే ఎన్ని లక్షల హెక్టార్లు కావాలో మీరే గుణించి చూడండి. ఆ నేల ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న అప్పుడు తప్పించుకోలేనిది అవుతుంది.

ఆ నేల రెండు దారుల్లో వస్తుంది. మొదటిది, అడవినో గడ్డి మైదానాన్నో కొట్టి సాగులోకి తేవడం. 2008లో ఫార్జియోన్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనం అలా నేలను మార్చినప్పుడు గాలిలోకి వెళ్లే కార్బన్‌ను "కార్బన్ అప్పు" అన్న పోలికతో లెక్కగట్టింది. బ్రెజిల్‌లో చెట్లూ గడ్డీ కలిసి ఉండే సెరాడో ప్రాంతపు సహజ నేలను చెరకుగా మారిస్తే, ఇథనాల్ వాడకంతో మిగిలే కార్బన్‌తో ఆ అప్పు తీరడానికి సుమారు 17 ఏళ్లు పడుతుందని, అమెరికా మధ్య ప్రాంతపు గడ్డి నేలను మొక్కజొన్నగా మారిస్తే 93 ఏళ్లని, ఆగ్నేయాసియాలో కుళ్లీ కుళ్లని మొక్కల పదార్థం పేరుకున్న పీట్ నేలల్లోని అడవిని కొట్టి పామాయిల్ వేస్తే నాలుగు వందల ఏళ్లు దాటుతుందని ఆ అధ్యయనం చూపింది. రెండో దారి ఇంకా కంటికి ఆనదు. ఇప్పటికే సాగులో ఉన్న పొలం ఇంధనం వైపు మళ్లుతుంది. అక్కడ తగ్గిన గింజల లోటును పూడ్చడానికి మరో ఖండంలో ఇంకెవరో అడవిని కొడతారు. దీనినే పరోక్ష భూ వినియోగ మార్పు అంటారు. అదే 2008లో సెర్చింగర్ బృందం ఈ వాదనను ముందుకు తెచ్చినప్పుడు పెద్ద దుమారం రేగింది. ఎంత మార్పు వస్తుందన్న పరిమాణం మీద వాదోపవాదాలు నేటికీ ఉన్నాయి. మార్పు ఉందన్న విషయం మీద మాత్రం విధానకర్తలకు సందేహం మిగలలేదు. అందుకే ఐరోపా సమాఖ్య 2015లో తిండి, మేత పంటల నుంచి వచ్చే ఇంధనానికి 7 శాతం పరిమితి పెట్టింది. ఆ తర్వాతి నిబంధనల్లో, ఇలాంటి మార్పుకు ఎక్కువ ఆస్కారమున్న ముడిసరుకులను 2030 నాటికి లక్ష్యాల లెక్క నుంచి తప్పించాలని నిర్ణయించింది. పామాయిల్ ఆ కోవలోకి వచ్చింది. విధానం ప్రకటించిన ఆరేళ్లకే దానికి పైకప్పు వేయాల్సి వచ్చిందంటే, మొదట అంకె రాసినప్పుడు భూమి లెక్క ఎవరూ కట్టలేదనే నేను అర్థం చేసుకుంటాను.

నీటి సంగతి మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. కర్మాగారాల ప్రతినిధులు మొట్టమొదట చూపించే అంకె లోపలి వాడకానిది: లీటరు మొక్కజొన్న ఇథనాల్ తయారీకి మూడు లీటర్ల నీరు చాలు. ఆధునిక కర్మాగారం విషయంలో ఆ అంకె నిజమే. కానీ అది పొలం గట్టు దాటి లోపలికి రాని లెక్క. గెర్బెన్స్-లీన్స్, హోక్స్ట్రా తదితరులు 2009లో ప్రచురించిన ప్రపంచ సగటు లెక్కల ప్రకారం, పంట పెరిగే క్రమంలో ఖర్చయ్యే నీటితో కలిపి చూస్తే, లీటరు ఇథనాల్‌కు చక్కెర దుంప నుంచైతే సుమారు 1,400 లీటర్లు, చెరకు నుంచైతే సుమారు 2,500 లీటర్లు పడుతుంది. సోయా, రేప్‌సీడ్ (ఆవాల జాతి నూనెగింజ) బయోడీజిల్‌కు అది లీటరుకు 14,000 లీటర్ల దాకా పోతుంది. రోజుకు 2 లక్షల లీటర్ల ఇథనాల్ తీసే ఒక కర్మాగారాన్ని ఊహించుకోండి. లోపలి వాడకం 6 లక్షల లీటర్లు. చెరకు సగటుతో పొలం వాడకం 50 కోట్ల లీటర్లు. నీటి అనుమతి పత్రం మాత్రం మొదటి అంకెకే అడుగుతారు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ 50 కోట్లూ నది నుంచో బోరు నుంచో తోడినవి కావు. అందులో పెద్ద భాగం వాననీరు కావచ్చు. ఆ నేల మీద ఏ పంట వేసినా, గడ్డి మొలిచినా ఆ వాన ఎలాగూ ఖర్చయ్యేదే. కాబట్టి "లీటరుకు ఇన్ని వేల లీటర్ల నీరు" అని ఒక్క అంకెతో భయపెట్టే వ్యాసాలను నేను నమ్మమని చెప్పను. బ్రెజిల్ ఆగ్నేయ ప్రాంతంలో చెరకు ప్రధానంగా వానకే పండుతుంది. అదే పంట పొడి ప్రాంతంలో పూర్తిగా కాలువ మీదో భూగర్భ జలం మీదో ఆధారపడుతుంది. రెండు చోట్లా లీటరు ఇథనాల్ ఒకటే. నీటి విధానం దృష్టిలో అవి రెండు వేర్వేరు వస్తువులు. అమెరికాలోనే చూడండి: వాన బాగా పడే తూర్పు మొక్కజొన్న పొలాలకూ, ఒగల్లాలా భూగర్భ జలాశయం నుంచి తోడే పశ్చిమ పొలాలకూ పోలికే లేదు. ఎనిమిది రాష్ట్రాల కింద విస్తరించిన ఆ జలాశయంలో, ముఖ్యంగా కాన్సస్, టెక్సస్ భాగాల్లో, తోడుతున్న వేగానికి ఊట అందడం లేదు. మిశ్రమ శాతం రాసిన చట్టం ఈ రెండు పొలాల మధ్య తేడా చూడదు. లీటరు వచ్చిందా లేదా అని మాత్రమే చూస్తుంది.

నా అనుభవంలో అన్నింటికంటే ఎక్కువసార్లు ఎదురైన పొరపాటు ఒకటుంది. ఒక మధ్యస్థాయి నది ఒడ్డున ప్రతిపాదించిన ఇథనాల్ కర్మాగారం నివేదిక నా దగ్గరికి వచ్చింది. అందులో నది ఏడాది మొత్తం ప్రవాహాన్ని తీసుకుని, కర్మాగారానికీ దాని చుట్టూ పెంచబోయే పంటకూ కావలసిన నీరు అందులో చాలా చిన్న భాగమని తేల్చారు. సగటులో తప్పేమీ లేదు. అయితే ఆ నది ప్రవాహంలో అత్యధిక భాగం వానాకాలపు నెలల్లోనే వస్తుంది. పంటకు నీరు ఎక్కువ కావలసింది ఎండాకాలంలో. నెలవారీ పట్టిక వేయించి చూస్తే, ఎండాకాలం చివరి రెండు నెలల్లో దిగువనున్న పట్టణం తాగునీటికి తీసుకునే పరిమాణమే నదిలో మిగలడం లేదు. చివరకు ఏడాది పొడవునా నడపాలనుకున్న కర్మాగారాన్ని ఏడు నెలలకు కుదించి, పంట విస్తీర్ణాన్ని తగ్గించి ఒప్పందం కుదిర్చారు. పెట్టుబడి పెట్టినవారు సంతోషించలేదు. కానీ ఆ పట్టిక ముందే లేకపోతే, నష్టం దిగువ పట్టణం నెత్తిన పడి, అది ఇథనాల్ వల్ల వచ్చిన నష్టమని కూడా ఎవరికీ తెలిసేది కాదు. ఏడాది సగటును చూపించే నీటి లెక్కను ఎప్పుడూ అంగీకరించకండి. నెలవారీ లెక్క అడగండి.

నీటి పరిమాణం తర్వాత నాణ్యత. మొక్కజొన్నకు వేసిన నత్రజనిలో కొంత భాగం పంటకు అందక కాలువల్లోకి, నదుల్లోకి పోతుంది. మిసిసిపీ నది అలా మోసుకెళ్లే పోషకాల వల్ల గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ప్రతి వేసవిలో ఆక్సిజన్ కరువైన ప్రాంతం ఏర్పడుతోంది. 2017లో అది సుమారు 22,700 చదరపు కిలోమీటర్లకు విస్తరించింది. అదంతా ఇథనాల్ చేసిన పని కాదు. మొక్కజొన్న విస్తీర్ణాన్ని పెంచే ఏ చట్టమైనా అందులో పాలు పంచుకుంటుంది. నేలలో మిగిలిన నత్రజని నుంచే నైట్రస్ ఆక్సైడ్ కూడా వెలువడుతుంది. బరువుకు బరువు చూస్తే అది వందేళ్ల కాలవ్యవధిలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 273 రెట్లు ఎక్కువ వేడిని పెంచే వాయువు. ఇక చెరకు ఇథనాల్ వైపు వస్తే, ఇథనాల్‌ను మరిగించి వేరుచేశాక, అంటే బట్టీ పట్టాక, మిగిలే వినాస్ అనే వ్యర్థ ద్రవం లీటరు ఇథనాల్‌కు పది నుంచి పదిహేను లీటర్ల దాకా వస్తుంది. పొటాష్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి తగు మోతాదులో పొలానికి పారిస్తే అది ఎరువు. మోతాదు మించితే భూగర్భ జలాన్ని పాడుచేస్తుంది, వాగులో కలిస్తే చేపలను చంపుతుంది.

ఈ వినాస్ విషయంలో నేను చూసిన ఒక మంచి మార్పును చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పక్కనున్న వాగును పాడుచేస్తోందని ఏళ్ల తరబడి ఫిర్యాదులున్న ఒక డిస్టిలరీ, ఆ ద్రవాన్ని మూసిన తొట్లలో పులియబెట్టి బయోగ్యాస్ తీయడం మొదలుపెట్టింది. ఆ వాయువుతో బాయిలరుకు కొనే ఇంధనం తగ్గింది, పొలాలకు వెళ్లే ద్రవం ఘాటు తగ్గింది. కొత్తగా ఒక్క ఎకరం నేల గానీ, ఒక్క చుక్క నదీ జలం గానీ అదనంగా తీసుకోలేదు. వార్తలకెక్కే పని కాదది. కానీ నీరు, ఇంధనం, భూమి మూడూ ఒకే దిక్కుకు నడిచిన ఉదాహరణ అడిగితే నేను ముందుగా దానినే చెబుతాను.

ఇంధనం లెక్క గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దీని మీద రాసినవారు చాలామంది ఉన్నారు. యూరియా తయారీకి సహజ వాయువు, దున్నడానికి డీజిల్, నీరు తోడటానికి కరెంటు, బట్టీ పట్టడానికి ఆవిరి, ఇవన్నీ పెట్టుబడి శక్తి. బ్రెజిల్ చెరకు ఇథనాల్‌లో ఈ పెట్టుబడికి ఎనిమిది రెట్ల దాకా శక్తి తిరిగి వస్తుందని అధ్యయనాలు చూపాయి. చెరకు పిప్పినే కాల్చి ఆవిరి, కరెంటు తయారుచేసుకోవడం దానికి ముఖ్య కారణం. మొక్కజొన్న ఇథనాల్‌లో మిగులు ఉన్నా అది చాలా తక్కువ. పంట లోతైన బోర్ల మీద ఆధారపడితే ఆ కొద్ది మిగులు కూడా పంపుసెట్ల కరెంటులోకే పోవచ్చు. అప్పుడు మనం నీటిని ఖర్చుచేసి ఇంధనాన్ని తీయడం లేదు. ఇంధనాన్ని ఖర్చుచేసి నీటిని తోడి, ఆ నీటితో మళ్లీ అంతే ఇంధనాన్ని తీస్తున్నాము.

ఆహారం సంగతికి వస్తే, "ఇథనాల్ వల్ల ఆకలి పెరిగిందా?" అని అడిగితే ఒక్క మాటలో చెప్పే జవాబు నా దగ్గర లేదు. 2007-08 ధరల పెరుగుదలకు చమురు ధర, కరువు, ఎగుమతి నిషేధాలు, తగ్గిన నిల్వలు, జీవ ఇంధన గిరాకీ అన్నీ కలిసి కారణమయ్యాయి; ఏది ఎంత అన్నది ఆర్థికవేత్తలు ఈనాటికీ తేల్చుకోలేదు. అమెరికా మొక్కజొన్న పంటలో సుమారు 40 శాతం ఇథనాల్‌కు వెళుతుందని చెప్పేటప్పుడు, అందులో బరువు ప్రకారం మూడో వంతు దాకా పశువుల దాణాగా తిరిగి వస్తుందని కూడా చెప్పాలి. నన్ను కలవరపెట్టేది సగటు సంవత్సరం కాదు, కరువు సంవత్సరం. చట్టంలోని శాతం కదలదు కాబట్టి, పంట తగ్గిన ఏడాది ఇంధన వాటా తగ్గదు. తగ్గాల్సినదంతా పశువుల మేత నుంచి, ఎగుమతుల నుంచి, దిగుమతి ధాన్యం మీద బతికే పేద దేశాల పళ్లెం నుంచి తగ్గుతుంది. 2012 కరువులో సరిగ్గా ఇదే వాదన వచ్చింది. ఆహార, వ్యవసాయ సంస్థ అధిపతి అమెరికా తన ఇథనాల్ నిబంధనను తాత్కాలికంగా ఆపాలని కోరారు. కొన్ని రాష్ట్రాల గవర్నర్లు మినహాయింపు అడిగారు. ఆ ఏడాది నవంబరులో అమెరికా పర్యావరణ సంస్థ దానిని నిరాకరించింది. అంతకు ఏడాది ముందే, ప్రపంచ బ్యాంకు, ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ వాణిజ్య సంస్థ సహా పది అంతర్జాతీయ సంస్థలు జీ20 దేశాలకు ఇచ్చిన ఉమ్మడి నివేదికలో జీవ ఇంధనాల సబ్సిడీలను, తప్పనిసరి వాటాలను తొలగించాలని సిఫారసు చేశాయి.

దీనికి భిన్నంగా బ్రెజిల్ చట్టం ఒకే శాతాన్ని కాక, కింది, పై హద్దుల మధ్య ఎంతైనా నిర్ణయించే వెసులుబాటును ప్రభుత్వానికి ఇచ్చింది. 2011లో చెరకు కొరత వచ్చినప్పుడు పెట్రోలులో ఇథనాల్ వాటాను 25 నుంచి 20 శాతానికి దించారు. అక్కడి మిల్లులు చాలా వరకు చక్కెరా ఇథనాలా అన్నది కొంత మేరకు మార్చుకోగలవు. 2003 నుంచి వచ్చిన ఫ్లెక్స్ కార్లు పెట్రోలు, ఇథనాల్ ఏ నిష్పత్తిలో కలిసినా నడుస్తాయి. ఈ మూడు కలిసి గిరాకీకి సాగే గుణాన్నిచ్చాయి. నన్నడిగితే, ఏ జీవ ఇంధన విధానంలోనైనా ఆహార భద్రత కోసం చేయగల అతి ముఖ్యమైన పని ఇదే: గిరాకీని వంగేలా రాయడం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, బంజరు భూమి. ఇది మంచి మనసుతో వచ్చే ఆలోచనే కాబట్టి ఓపికగా చెబుతాను. 2000 తర్వాతి పదేళ్లలో ఆసియా, ఆఫ్రికా దేశాల్లో జత్రోఫా, అంటే అడవి ఆముదం మీద అపారమైన ఆశలు పెట్టుకున్నారు. తిండికి పనికిరాదు, పశువులు మేయవు, ఎండకు తట్టుకుంటుంది. అవన్నీ నిజాలే. కానీ ఎండకు తట్టుకుని బతకడం వేరు, ఎండలో కాయడం వేరు. నీరూ ఎరువూ లేని నేలలో ఆ మొక్క బతికింది గానీ, పెట్టుబడి తిరిగి వచ్చేంత కాపు ఇవ్వలేదు. కాపు కావాలంటే నీరు పెట్టాలి. నీరూ ఎరువూ పెట్టగలిగిన నేల తిండి పంటకూ పనికొస్తుంది. అలా చాలా చోట్ల ఆ తోటలు వదిలివేతకు గురయ్యాయి. మొక్క తిండి మొక్క కాకపోయినా, అది వాడే నీరూ నేలా కూలీల సమయమూ తిండి పంటకు కావలసినవే.

"బంజరు" అన్న మాటను కూడా నేను అనుమానంతోనే చదువుతాను. ఒకసారి ఉపగ్రహ చిత్రాల ఆధారంగా "ఉపయోగంలో లేని భూమి" అని గుర్తించిన కొన్ని వేల హెక్టార్లను పరిశీలించడానికి వెళ్లాము. వానలు వెలిసిన నెలలో వెళ్లినప్పుడు నిజంగానే మనిషి జాడ కనిపించలేదు. నివేదిక సరిగ్గానే ఉందనుకున్నాము. నా సహోద్యోగి ఒకామె పట్టుబట్టడంతో ఎండాకాలంలో మళ్లీ వెళితే, రెండు దిక్కుల నుంచి మందలు వచ్చి అక్కడే మేస్తున్నాయి. చుట్టుపక్కల ఊళ్ల స్త్రీలు వంటచెరకు అక్కడి పొదల నుంచే తెచ్చుకుంటున్నారు. అంటే ఆ "ఖాళీ" నేల అప్పటికే ఆహార విధానంలోనూ, ఇంధన విధానంలోనూ భాగం. కాకపోతే ఆ రెండు విధానాలూ ఏ కాగితం మీదా లేవు. అక్కడ తోట వేస్తే, దూరపు నగరంలో వాహనానికి ఇంధనం ఇవ్వడం కోసం దగ్గర ఊళ్లో పొయ్యికి ఇంధనం తీసేసినట్టయ్యేది. పట్టా లేని హక్కులను, కాలానుగుణమైన వాడకాన్ని కూడా గుర్తించాలని 2012లో ప్రపంచ ఆహార భద్రతా సంఘం ఆమోదించిన భూ హక్కుల స్వచ్ఛంద మార్గదర్శకాలు చెబుతున్నాయి. అవి చదివితే భూ విధానం ఇందులోకి ఎందుకు వస్తుందో మీకు స్పష్టమవుతుంది.

"పంట వ్యర్థాల నుంచి తీస్తే?" అని మీరు తర్వాత అడుగుతారని ఊహిస్తున్నాను. దిశ మంచిదే, కానీ వ్యర్థమని మనం పిలిచే గడ్డీ చొప్పలో కొంత భాగం పశువుల మేత, కొంత భాగం నేలకు తిరిగి వెళ్లాల్సిన సేంద్రియ పదార్థం. మొత్తం ఎత్తుకుపోతే నేల వాననీటిని పట్టి ఉంచే శక్తి తగ్గి, నీటి అవసరం పెరుగుతుంది. సాంకేతికత కూడా అనుకున్నంత వేగంగా రాలేదు: అమెరికా 2007 చట్టం 2022 నాటికి పెట్టుకున్న 3,600 కోట్ల గ్యాలన్ల లక్ష్యంలో 1,600 కోట్ల గ్యాలన్లు పీచు పదార్థం నుంచే రావాలి, వచ్చింది అందులో కొద్ది భాగమే. వాడేసిన వంటనూనె నిజంగా వ్యర్థమే గానీ దాని పరిమాణం పరిమితం. దాని నుంచి తీసిన ఒక లీటరును లక్ష్యంలో రెండు లీటర్లుగా లెక్కించే నియమాలున్న చోట, కొత్త నూనెను పాతదని చూపించే మోసానికి కూడా ఆకర్షణ పుడుతుంది.

మరి ఏం చేయాలి అంటే, నా అభిప్రాయం పనుల వరుసను తిరగేయడమే. ఇప్పుడు మొదట శాతం ప్రకటిస్తారు, తర్వాత కర్మాగారాలకు లైసెన్సులిస్తారు, ఆ తర్వాత పంట వెతుకుతారు, చివరకు నీరు చాలలేదని తెలుసుకుంటారు. ముందుగా ఒక్కో పరివాహక ప్రాంతంలో కరువు సంవత్సరపు ఎండాకాలంలో ఎంత నీరు మిగులుతుందో తేల్చాలి. దాని మీద, హక్కుదారుల అంగీకారంతో ఎంత నేల ఉందో చూడాలి. అప్పుడే ఎన్ని లీటర్లు సాధ్యమో వస్తుంది. శాతం అక్కడి నుంచి పుట్టాలి. బ్రెజిల్ 2009లో చెరకుకు చేసిన వ్యవసాయ-పర్యావరణ మండలీకరణ ఈ ఆలోచనకు దగ్గరిది: అమెజాన్ అడవిని, పాంటనాల్ చిత్తడి ప్రాంతాన్ని మినహాయించి, ఎక్కడ చెరకు వేయవచ్చో ముందే గీత గీసింది. 2019లో ఆ ఉత్తర్వును రద్దు చేశారు. గీత గీయడంతో పని అయిపోదని, దానిని నిలబెట్టుకోవడం కూడా విధానంలో భాగమేనని ఆ రద్దు నాకు నేర్పింది.

రెండో విషయం, ఉన్న కొద్దిపాటి ఇంధనాన్ని ఎక్కడ వాడాలన్నది. సౌర ఫలకం తన మీద పడే వెలుగులో దాదాపు ఐదో వంతును కరెంటుగా మార్చగలదు. మొక్క ఒక శాతం కూడా నిల్వ చేయదు. కాబట్టి కరెంటుతో నడవగల కార్ల కోసం నేలనూ నీటినీ ఖర్చు చేయడం నాకు సబబుగా అనిపించదు. బ్యాటరీలు ఇప్పట్లో మోయలేని దూర విమానయానం, నౌకాయానం వంటి వాటికి, అదీ నిజమైన వ్యర్థాల నుంచి వచ్చినంత మేరకు, దీనిని దాచుకోవాలి. దీనితో విభేదించే సహచరులు నాకున్నారు. పాత వాహనాలు ఇంకా ఇరవై ఏళ్లు రోడ్ల మీదే ఉంటాయి కదా అన్నది వారి వాదన. అందులో బలముందని ఒప్పుకుంటాను. అయితే ఆ పాత వాహనాల కోసం కట్టే కొత్త కర్మాగారం కూడా ముప్పై ఏళ్లు పంట అడుగుతూనే ఉంటుంది.

మీ పరిశోధనకు దీనిని పనికొచ్చేలా మలచుకోవాలంటే, దేశం మొత్తాన్ని కాకుండా ఒక్క కర్మాగారాన్ని, దానికి ముడిసరుకు ఇచ్చే ఒక్క పరివాహక ప్రాంతాన్ని తీసుకోండి. ప్రపంచ బయో ఎనర్జీ భాగస్వామ్యం 2011లో రూపొందించిన 24 సూచికలు మంచి చట్రాన్నిస్తాయి. అన్నీ నింపాలని చూడకుండా నీరు, భూ హక్కులు, ఆహార ధరలకు సంబంధించినవి ఎంచుకోండి. నెలవారీ నీటి పట్టిక, పదేళ్ల భూ వినియోగ చిత్రాలు, అత్యంత కరువు సంవత్సరంలో ఆ కర్మాగారం ఎంత కొనుగోలు చేసిందన్న వివరం సంపాదించండి. ఈ మూడింటిలో మూడోది దొరకడం కష్టం. దాని కోసం కర్మాగారాన్నే అడగడం కంటే, చుట్టుపక్కల దాణా వ్యాపారులను అడిగితే త్వరగా తెలుస్తుంది. ఇక పొలం చూడటానికి మీకు ఒక్కసారే వీలు దొరికితే ఎండాకాలం చివరి వారంలో వెళ్లండి. మందలు ఎటు నుంచి వస్తున్నాయో, ఏ బావిలో ఇంకా నీరుందో, వంటచెరకు మోసుకొచ్చేవారు ఎంత దూరం నడుస్తున్నారో రాసుకోండి. ఆ వివరాలు దొరికాక మళ్లీ రాయండి, లెక్క వేయడంలో నాకు చేతనైన సాయం చేస్తాను.